పాట చివరి గొంతు

ఆమె అసలు పేరు జీతం కాగితం మీద ఉంటుంది. మిగతా లోకానికంతా ఆమె బొంగురు. ఆ పేరు పెట్టిన పుణ్యాత్ముడు బడిలో సంగీతం మాస్టారు. ప్రార్థన పాడే పిల్లల్ని ఏరుతూ, ఈ పిల్ల దగ్గరికి వచ్చేసరికి రెండే రెండు ముక్కలు విని, "తల్లీ, ఈ బొంగురుతో నన్ను చంపకు. వెనక నిలబడి పుస్తకం పట్టుకో, చాలు" అన్నాడు. పిల్లలంతా పొట్ట పట్టుకుని నవ్వారు. అయిదేళ్లు అలాగే వెనక నిలబడి పుస్తకం పట్టుకుంది. ముందు నిలబడి పాడిన కోకిలల్లో ఒక్కతీ ఆ తర్వాత పాట జోలికి పోలేదు. వెనక నిలబడ్డది మాత్రం వదల్లేదు. మాస్టారి మీద పంతమో, చెప్పాల్సింది గొంతులోనే ఉండిపోయిందన్న ఉక్రోషమో గానీ, పదిహేడో ఏట ఎవరో వాడి పారేసిన గిటారు ఒకటి సంపాదించి, వేళ్లు కాయలు కాసేదాకా తనంతట తనే నేర్చుకుంది.

పాటలు కూడు పెట్టవని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. చెవి మిషన్లు అమ్మే దుకాణంలో వినికిడి పరీక్ష చేసే పనిలో చేరింది. దుకాణం వెనక ఒక చిన్న గది ఉంది. గోడలకి నల్లటి స్పాంజి, జానెడు మందం తలుపు, ఒక పక్క అద్దం. లోపల కూర్చుంటే మన గుటక మనకే వినపడుతుంది. పరీక్షకి వచ్చినవాళ్లు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని లోపల కూర్చుంటారు. బొంగురు అద్దానికి ఇవతల కూర్చుని మీటలు నొక్కుతూ సన్నటి కూతలు పంపుతుంది. వినపడితే చెయ్యెత్తాలి. రోజుకి పదిమంది, పన్నెండుమంది. ఏళ్ల తరబడి అదే పని.

ఆ గదిలో ఉండే నిశ్శబ్దమంటే ఆమెకు ఒళ్లు మంట. అందుకే తన పాటలు రికార్డు చేసుకునేటప్పుడు ఇంటి కిటికీలన్నీ బార్లా తెరిచేది. ఫోను నాలుగు పుస్తకాల మీద నిలబెట్టి, మొదటినుంచి చివరిదాకా ఒక్క ఊపులో పాడేది. ఆ పాటలోకి కుళాయి కారే చప్పుడు వచ్చేది, ఎదురింటి కుక్క వచ్చేది, కింద వాటావాళ్ల ప్రెషర్ కుక్కర్ వచ్చేది. ఒక్కటీ తీసేది కాదు. పాడింది పాడినట్టు, పడింది పడినట్టు. ఒకసారి రికార్డింగు తెలిసినతను ఒకడు, "ఇవన్నీ శుభ్రం చేసి ఇస్తానండీ, డబ్బులేం వద్దు" అన్నాడు. "మీ ఇంట్లో మనుషుల్ని కూడా అలాగే శుభ్రం చేస్తారా?" అని అడిగింది. అతను మళ్లీ కనపడలేదు. బొంగురుకి తన పద్ధతి మీద అంత గీర.

ఆ పాటలు వినేవాళ్లు ముప్పైమంది. ఒక ప్రింటింగ్ ప్రెస్సు మేడ మీద ఆడవాళ్ల సంఘం ఆఫీసు ఉండేది, శనివారం మధ్యాహ్నం అక్కడ ఇనుప కుర్చీలు వేసుకుని కూర్చునేవాళ్లు. కార్ఖానాలో కుట్టుపని చేసేవాళ్లు, ఇద్దరు వకీళ్లు, ఒక నర్సు, పెళ్లి వద్దనుకున్నవాళ్లు, పెళ్లి చేసుకుని ఎందుకు చేసుకున్నామా అనుకునేవాళ్లు. ఎప్పుడు లెక్కపెట్టినా ముప్పైమందే. సంఘంవాళ్లు ఒకసారి పోస్టరు వేసి దానిమీద 'క్వియర్ ఫెమినిస్ట్ ఇండీ గాయని' అని అచ్చేయించారు. ఎవరో చుట్టం ఆ ఫొటో పంపితే ఊళ్లో ఉన్న తల్లి ఫోను చేసింది.

"ఏమే, నీ పేరు పక్కన ఏవో రాశారట. అవేం డిగ్రీలే?"

"పెద్ద డిగ్రీలే అమ్మా. ఉద్యోగాలు మాత్రం రావు."

"పోనీలే, చదువుకున్నావు కదా," అందా తల్లి, నిజంగానే సంతోషపడుతూ. బొంగురు నవ్వుతూ ఫోను పెట్టేసింది.

ఇక టీచర్ సంగతి. టీచర్ ఒక ప్రైవేటు స్కూల్లో రెండో తరగతికి పాఠం చెప్పేది. నలభైమంది పిల్లల మధ్య చెవులు గింగురుమంటున్నాయని వినికిడి పరీక్షకి వచ్చింది. గదిలో కూర్చోబెట్టి బొంగురు కూతలు పంపుతోంది. టీచర్ చెయ్యెత్తుతోంది. కాసేపటికి కూత పంపకపోయినా చెయ్యెత్తింది. ఇంకోసారీ అంతే. బొంగురు తలుపు తీసింది.

"వినపడకుండానే చెయ్యెత్తుతున్నారేంటండీ?"

"మీరు అద్దంలోంచి అంత ఆశగా చూస్తుంటే ఎత్తకపోతే బాగోదనిపించింది."

ఆ రిపోర్టు మూడుసార్లు తీయాల్సి వచ్చింది. మూడోసారికి ఇద్దరూ కలిసి టీ తాగారు. ఏడాది తిరిగేసరికి ఒక మేడ మీద రెండు గదుల వాటా తీసుకున్నారు. ఇల్లుగలాయన దృష్టిలో వాళ్లు అద్దె పంచుకునే ఇద్దరు ఉద్యోగస్తులు. స్కూలు దృష్టిలోనూ అంతే. టీచర్ తల్లి నెలకోసారి వచ్చి రెండురోజులు ఉండిపోయేది. ఆవిడకు చెవుడు. పక్కన బాంబు పడ్డా "ఎవరో తలుపు కొట్టినట్టున్నారు" అనే రకం. చెవికి మిషను పెట్టుకోమని బొంగురు ఎన్నిసార్లు చెప్పినా వినేది కాదు. లోకమంతా తనలాగే చెవిటిదన్నట్టు గట్టిగా మాట్లాడేది. బొంగురుని "అమ్మాయ్" అని పిలిచేది, చిక్కిపోయావని తిట్టేది, ఇద్దరికీ కలిపి ఒకటే దుప్పటి కొనిపెట్టేది. ఆవిడకు ఏం తెలుసో ఏం తెలియదో ఎవరూ తవ్వలేదు.

టీచర్ గొంతు గురించి చెప్పాలి. అది వరండా ఈ చివర పలికితే ఆ చివర వినపడే గొంతు. కసిరినా అందులో నవ్వు ఉండేది. పిల్లలకి ఆ గొంతంటే ప్రాణం. బొంగురుకి ఎన్నో పాటలు ఆ గొంతు విన్నాకే పుట్టాయి. టీచర్ పెట్టిన షరతు ఒక్కటే. "నన్ను నీ పాటల్లో ఎంతైనా పెట్టుకో. కానీ అది నేనని బయట ఎవరికీ తెలియకూడదు. ఆ పిల్లల్ని వదిలి నేను ఉండలేను." బొంగురు ఆమె తలమీద చెయ్యేసి ఒట్టు వేసింది. ఆరేళ్లు ఆ ఒట్టు మీద నిలబడింది కూడా.

ఏడో ఏట ఒక ఆదివారం పొద్దున. బయట సన్నగా వాన. బొంగురు కొత్త పాట కట్టింది. తల్లి గురించి.

మా ఇంట్లో కుర్చీలు ఆరు
అమ్మ కూర్చుంటే చూసినవాళ్లు లేరు
గోడకానుకుని తిన్నది
గడపలో నిలబడి విన్నది

అలా సాగుతుంది. ముందుగదిలో కిటికీ తెరిచి, ఫోను పుస్తకాల మీద పెట్టి, కళ్లు మూసుకుని పాడింది. ఎప్పుడూ రాని విధంగా వచ్చింది. చివరి తీగ మీటి, కదలకుండా, ఆ మోత ఆరిపోయేదాకా ఆగింది. సరిగ్గా ఆ ఆరిపోయే చోట, లోపలి గదిలోంచి టీచర్ నిద్రకళ్లతో పిలిచింది.

"అయిందా నీ గోల? ఇంక రావే. వచ్చి నీ కాళ్లు నా కాళ్ల మీద వెయ్యి, చల్లబడిపోయాయి."

రికార్డింగు విన్నాక ఇద్దరూ పడీపడీ నవ్వారు. తర్వాత టీచర్ నవ్వాపి, "ఆ ముక్క తీసెయ్" అంది.

"తీసేస్తా."

"మర్చిపోకు."

"అబ్బా, తీసేస్తానన్నాగా."

బొంగురు మర్చిపోలేదు. మర్చిపోయానని ఎవరితోనూ ఎప్పుడూ బుకాయించలేదు. ఆ మర్నాడు మధ్యాహ్నం దుకాణంలో భోజనం వేళ ఆ ముక్క కోసేసి పాట విన్నది. అమ్మ నిలబడే ఉంది, పాట అయిపోయింది. బాగానే ఉంది. మళ్లీ ఆ ముక్కతో విన్నది. జీవితమంతా నిలబడిన ఒక ఆడమనిషి పాట అయిపోతుండగా, ఇంకెవరో ఒక ఆడమనిషిని 'రా, వచ్చి పడుకో' అని పిలుస్తున్నారు. బొంగురుకి పాట అంటే ఇదీ అనిపించింది. తను ఏ పాటలోనూ ఏ చప్పుడూ కోయలేదు కదా, దీన్నెందుకు కోయాలి? వినేది ముప్పైమంది. ఆ ముప్పైమందికీ టీచర్ తెలిసిందే. పైగా టీచర్ నెట్‌లో తన పాటలు వినదు, ఇంట్లో విన్నదే చాలంటుంది. ఇన్ని సర్దుబాట్లు చెప్పుకుని, భోజనం డబ్బా మూత పెట్టేలోపు పాటను ఆ ముక్కతో సహా నెట్‌లో పెట్టేసింది. ఒట్టు వేసిన చేతి వేలితోనే నొక్కింది. ఆ నొక్కడానికి అరసెకను పట్టి ఉంటుంది.

కుట్టుపని చేసే ఒకామె తన తల్లి ఖాళీ కుర్చీ ఫొటో పెట్టి వెనక ఆ పాట వేసింది. దాన్ని చూసి ఇంకొకామె. మూడోరోజుకి వందలమంది తల్లుల కుర్చీలు, పీటలు, గడపలు ఫోన్లలో తిరగసాగాయి. వారానికి లక్షలయ్యాయి. అందరికీ పాట నచ్చింది, కానీ అందరూ ప్రాణం పెట్టింది ఆ చివరి మాట మీద. అమ్మాయిలు అద్దం ముందు నిలబడి ఆ గొంతును అనుకరించారు. బొంగురు తల్లి కూడా ఫోను చేసింది.

"కుర్చీ సంగతి నాదేగా. సరేలే. చివర్న పిలిచిందే ఆ అమ్మాయి, చాలా బాగా పిలిచిందే. నన్నెవరూ ఎప్పుడూ అలా పిలవలేదు."

తెలిసి అందో తెలియక అందో బొంగురు అడగలేదు. దుకాణం మెట్లమీద కూర్చుని ఏడ్చింది. అది దుఃఖం కాదు. పదకొండు రోజులు ఆమె సంతోషంగా ఉంది. అదీ నిజం. ఇంటికెళ్లేముందు ఫోను శబ్దం తీసేసి, జేబులో పెట్టుకుని, అన్నం వడ్డిస్తున్న టీచర్ ముఖంలోకి చూస్తూ, జేబులో ఫోను అదురుతుంటే లోలోపల మురిసిపోయింది. ఇవాళ చెబుతాను, రేపు చెబుతాను అనుకుంది. ఆ సంతోషాన్ని ఆమె ఇప్పటికీ క్షమించుకోలేదు.

పన్నెండోరోజు రెండో తరగతి పిల్ల ఒకతి ఇంట్లో అమ్మ ఫోనులో ఆ పాట వింటూ ఎగిరి గంతేసింది. "అమ్మా, మా టీచర్! మా టీచర్ పాటలో ఉంది!" పాపం, ఆ పిల్లకి ఎంత గర్వమో. మర్నాడు క్లాసులో అందరి ముందూ లేచి, "టీచర్, ఎవరి కాళ్లు చల్లబడ్డాయి టీచర్?" అని అడిగింది. టీచర్‌కి అర్థం కాలేదు. భోజనాల వేళకి అర్థమైంది. సాయంత్రానికి తల్లిదండ్రుల ఫోన్లన్నిట్లోనూ అదే మోగింది.

హెడ్‌మిస్ట్రెస్ చెడ్డ మనిషేం కాదు. టీచర్‌ని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. "నాకు మీ ఇంటి విషయాలు అనవసరం. కానీ పదహారుమంది పిల్లల్ని మానిపిస్తామంటున్నారు. మీరే ఆలోచించండి" అంది. అలాంటి చోట ఆలోచించడమంటే కాగితం మీద సంతకం పెట్టడమే. పెట్టి, మేజా సొరుగులో ఉన్న రంగు చాక్‌పీసులు, పిల్లలు గీసిచ్చిన బొమ్మలు ఒక సంచీలో వేసుకుని టీచర్ ఇంటికొచ్చేసింది.

బొంగురు కాళ్లావేళ్లా పడింది. టీచర్ తిట్టలేదు, అరవలేదు. "తీసేస్తానన్నావు" అని ఒక్కసారి అంది. అంతే. బొంగురు ఆ క్షణమే పాటను తీసేసింది. తీస్తే ఏం లాభం? అప్పటికే అది వేలమంది దగ్గరుంది. తీసేయండమ్మా అని ఒక్కొక్కరికీ రాసింది. కొందరు తీశారు. ఎక్కువమంది అసలు చూడలేదు. ఒకమ్మాయి మాత్రం, "అది లేకపోతే ఆ పాటలో ఏముందక్కా?" అని జవాబిచ్చింది. బొంగురు ఆ ముక్క చదివి ఫోను బోర్లా పెట్టేసింది. తను అనుకున్నదీ అదే కాబట్టి.

టీచర్ ఇంకో రెండు స్కూళ్లకి వెళ్లింది. నోరు తెరిచి "గుడ్ మార్నింగ్" అనగానే ఎదుటివాళ్ల కనుబొమలు లేచేవి. సబ్బు కొనడానికి కొట్టుకెళ్తే బల్ల వెనక పిల్ల తలెత్తి, "మేడమ్, మీరేనా? ఒక్కసారి అనరూ, ప్లీజ్" అంది. ఎంతో ప్రేమగానే అడిగింది. టీచర్ సబ్బు తీసుకోకుండానే వచ్చేసింది. ఆ రోజునుంచి బయట నోరు మెదపడం మానేసింది. తర్వాత ఇంట్లోనూ తగ్గించేసింది. అడిగినదానికి తల ఊపేది. బొంగురు గదిలోకి వస్తే లేచి వేరే గదిలోకి వెళ్లిపోయేది. రెండే గదులున్న వాటాలో ఎంత దూరం పోతారు?

ఒక మధ్యాహ్నం బొంగురు ఆగలేక అంది. "తిట్టవే. చెప్పు తీసుకుని కొట్టు. అంతేగానీ ఇలా ఉండకు."

టీచర్ గుసగుసగా మాట్లాడింది. "తిట్టాలనే ఉంది. కానీ నోరు తెరిస్తే నా గొంతు నాకే వినపడుతుంది. అది నాదిలా అనిపించట్లేదు. ఊళ్లో అందరూ నోట్లో వేసుకుని నమిలినట్టుంది."

వారం తర్వాత పెట్టె సర్దుకుని తల్లి దగ్గరికి వెళ్లిపోయింది. దుప్పటి వదిలేసి వెళ్లింది.

నెల తిరగకముందే పెద్ద సభకి పిలుపు వచ్చింది. ఎనిమిది వందలమంది పట్టే హాలు, ఆడవాళ్ల సంఘాలన్నీ కలిసి పెట్టిన సాయంకాలం. అలాంటి వేదిక కోసమే బొంగురు ఇరవై ఏళ్లు ఎదురుచూసింది. రానని చెప్పాలనుకుంది. తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది. అందరి ఎదుటా జరిగింది చెప్పేస్తాను, ఆ మాట లేకుండా పాట పాడతాను, ఇక ఆ గొంతును వదిలేయమని దణ్ణం పెట్టి అడుగుతాను. ఆ సంగతి టీచర్ చెవిన పడితే తిరిగి వస్తుందేమో. ఆమె ఆశంతా అదే. దానికోసమే వెళ్లింది.

చెప్పింది. ఏడుస్తూ మొత్తం చెప్పింది. ఒట్టు వేయడం, కోసినట్టే కోసి మళ్లీ అతికించడం, స్కూలు, సబ్బు, పెట్టె. పేరు మాత్రం చెప్పలేదు. హాల్లో చాలామంది కళ్లు తుడుచుకున్నారు. తర్వాత పాడింది. ఎంత బాగా పాడిందో ఆమెకే తెలుసు. చివరి తీగ మోగి, మెల్లగా ఆరిపోతోంది. ఎవరూ కదల్లేదు. ఈసారికి గెలిచాననుకుంది.

అప్పుడు వెనక వరసల్లో ఎవరో ఒకామె మెల్లగా, "అయిందా నీ గోల?" అంది. ఇంకో ఇద్దరు అందుకున్నారు. తర్వాత హాలంతా అందుకుంది. ఎనిమిది వందలమంది ఒకే గొంతుతో, కన్నీళ్లతో, నిండు మనసుతో ఆ మాట మొత్తం చెప్పారు. కాళ్లు చల్లబడిపోయాయి అన్నచోట లేచి నిలబడ్డారు. అది టీచర్‌కి వాళ్లిచ్చే గౌరవమట. నిర్వాహకురాలు పరిగెత్తుకుంటూ వచ్చి కౌగిలించుకుని, "చూశారా, ఆవిడని అందరూ ఎంత ప్రేమిస్తున్నారో" అంది. బొంగురుకి అరవాలనిపించింది. తను ఏడుస్తూ చెప్పింది కూడా వాళ్లకి పాటలో ఒక భాగమైపోయిందని అక్కడ, ఆ చప్పట్ల మధ్య అర్థమైంది. ఎవరినని తిడుతుంది? మొదట నమిలింది తనే కదా. గిటారు అక్కడే కుర్చీకి ఆనించి దిగిపోయింది. సంఘంవాళ్లు దాన్ని తీసుకొచ్చి ప్రెస్సు మేడ మీద దాచారు. ఆమె ఎన్నడూ అడగలేదు. మళ్లీ పాడలేదు కూడా.

నాలుగేళ్లు గడిచాయి. బొంగురు అదే దుకాణంలో, అదే అద్దం ఇవతల, అవే కూతలు పంపుతూ ఉంది. పూర్వం ఒళ్లు మండించిన ఆ గది నిశ్శబ్దం ఇప్పుడు ఆమెకు అలవాటైపోయింది. గదిలో ఎవరూ లేనప్పుడు తలుపేసుకుని కూర్చునేది. దుకాణం యజమాని చూసీ చూడనట్టు ఊరుకునేవాడు.

ఒక గురువారం పొద్దున తలుపు తెరుచుకుని టీచర్ తల్లి లోపలికి వచ్చింది. ఆవిడ వెనక టీచర్. బొంగురుని చూసి టీచర్ గుమ్మంలోనే ఆగిపోయింది. అప్పట్లో గురువారం బొంగురుకి సెలవు. అది చూసుకునే వచ్చినట్టుంది. సెలవు సోమవారానికి మారి ఏడాదైందని ఆమెకెలా తెలుస్తుంది? కానీ అప్పటికే ముసలావిడ దుకాణం దద్దరిల్లేలా పలకరించేసింది.

"అమ్మాయ్! నువ్వా! ఏంటే ఇలా అయిపోయావు, పుల్లలాగా? మీరిద్దరూ ఎందుకు తగువులాడుకున్నారే? అడిగితే ఇది చెప్పదు."

బొంగురు కుర్చీ లాగి కూర్చోబెట్టింది. టీచర్ గోడపక్కన నిలబడింది. జుట్టు నెరిసింది. బొంగురు వంక చూడలేదు. ముసలావిడే అన్నీ చెప్పింది, వీధిలోవాళ్లకి కూడా వినపడేలా. టీచర్ గొంతు పాడైందట, డాక్టరు మాట్లాడొద్దన్నాడట, అందుకే స్కూలు మానేసిందట, మందుల గోదాములో సీసాలకు కాగితాలు అంటించే పనికి వెళ్తోందట, అవన్నీ కాగితం మీద రాసి చూపించిందట.

"బయట ఎవరితోనూ పలకదే. ఇంట్లో మాత్రం నా పక్కన కూర్చుని పొద్దస్తమానం చెబుతూనే ఉంటుంది. నవ్వుతుంది, ఏడుస్తుంది, చెబుతుంది. నాకొక్క ముక్క వినపడితే ఒట్టు! ఊరికే తల ఊపుతుంటాను. పోయేలోపు ఒక్కసారైనా అదేం చెబుతోందో వినాలనుంది. అందుకే నేనే పట్టుబట్టి లాక్కొచ్చాను. ఏదీ, మంచి మిషను పెట్టు."

బొంగురు పరీక్ష చేసింది. మిషను సరిచేసి ముసలావిడ చెవికి పెట్టింది. ఆఖరున ఒక పని మిగులుతుంది. ఇంటిమనిషి ఎవరైనా గదిలో పక్కన కూర్చుని మామూలుగా నాలుగు మాటలు మాట్లాడాలి. కూతలు ఎన్ని వినపడినా, రోజూ వినే గొంతు తెలిస్తేనే మిషను కుదిరినట్టు. ఆ మాట చెప్పక తప్పలేదు.

టీచర్ గదిలోకి వచ్చి తల్లి పక్కన కూర్చుంది. బల్లమీదున్న మైకును చూసింది.

"అది రికార్డవుతుందా?"

నాలుగేళ్ల తర్వాత బొంగురు విన్న మొదటి మాట అది. "లేదు," అంది. "మాట ఎంత గట్టిగా ఉందో చూపిస్తుంది, అంతే." టీచర్ కదల్లేదు. బొంగురు మైకు తీగ లాగేసింది. దాన్ని తీసి బయట పెట్టింది. తన ఫోను ఆపేసి అదీ బయట పెట్టింది. ఖాళీ చేతులు చూపించి, "ఇంకేం లేవు" అంది.

"నువ్వున్నావుగా," అంది టీచర్.

ఆ మాటలో కోపం లేదు. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పింది. బొంగురు బయటికి వచ్చి తలుపు మూసింది. అద్దం దగ్గర కూర్చోకుండా, అటు వీపు పెట్టి వీధి వైపు తిరిగి నిలబడింది. యజమాని, "అయిందామ్మా?" అని అడిగితే, "మాట్లాడుకుంటున్నారు సార్" అంది. అలాగే అనుకుంది. తల్లికి అన్నీ చెప్పేస్తోందేమో, తన మీద తిట్లన్నీ ఆ గదిలో పోస్తోందేమో, పోయనీ అనుకుంది. నాలుగేళ్లలో ఆమె మనసు కాస్త తేలికపడింది ఆ కొన్ని నిమిషాలే.

తలుపు తెరుచుకుంది. ముసలావిడ మిషను చెవిలోంచి తీసి అరచేతిలో పట్టుకుని వచ్చింది.

"వద్దమ్మాయ్, ఇది."

"వినపడట్లేదా అమ్మా?"

చెవిలో మిషను లేదు కాబట్టి ఆవిడకి ఆ ప్రశ్న వినపడలేదు. తనే చెప్పింది, అరుస్తూ. "బ్రహ్మాండంగా వినపడుతోంది. నా కుర్చీ కిర్రుమనడం కూడా వినపడింది. కానీ నువ్వు తలుపేశావో లేదో, 'అమ్మా, వినపడుతోందా' అని అడిగింది. 'ఆఁ, చెప్పవే' అన్నాను. అంతే, నోరు కుట్టేసుకుంది. ఎంత బతిమాలినా పెదవి కదపలేదు. నా చెవి వంకే చూస్తూ కూర్చుంది, దొంగని చూసినట్టు. నేను వినలేనని తెలిసే అది నాతో చెప్పుకుంటోందే అమ్మాయ్. నా పిల్ల నోరు మూయించి నేను వినేదేముంది?"

మిషను బల్లమీద పెట్టేసింది. టీచర్ తలుపు దగ్గర తల వంచుకుని నిలబడింది. ముసలావిడ కూతురి చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్లింది.

అద్దాల తలుపులోంచి బొంగురు చూస్తూనే ఉంది. మెట్లు దిగి నాలుగడుగులు వేశారో లేదో, టీచర్ తల్లి వైపు తిరిగి మాట్లాడడం మొదలుపెట్టింది. చేతులు ఊపుతూ, ఆగకుండా, ఒకప్పుడు ఇంట్లో స్కూలు కబుర్లు చెప్పినట్టే చెబుతోంది. ముసలావిడ ముందుకే చూస్తూ తల ఊపుతోంది. రోడ్డు దాటి మలుపు తిరిగేదాకా ఆ పెదవులు కదులుతూనే ఉన్నాయి. బొంగురు మిషనును డబ్బాలో పెట్టి, రిపోర్టు కాగితం మీద 'వద్దన్నారు' అని రాసి, తర్వాతి మనిషిని లోపలికి పిలిచింది.